కాంతి గంటము

మన తొర్రూరునకు సమీపముననే, పాలకుర్తి ప్రాంతమున, బమ్మెర యను గ్రామము గలదు. అది పోతనామాత్యుని నివాసభూమి యని మన ప్రాంతమువారు చిన్ననాటినుండి వినుచున్నదే. ఆ మహాకవి తెనిగించిన భాగవతమున పండ్రెండు స్కంధములును ఆయన రచనగా మనకు దక్కలేదు. ఐదవ స్కంధము గంగనయు, ఆఱవది ఏర్చూరి సింగనయు, పదునొకండు పండ్రెండు స్కంధములు వెలిగందల నారయయు రచించిరి. మూలప్రతిని రాజు పాతిపెట్టించెనని కొందఱును, చెదలపాలయ్యెనని కొందఱును చెప్పుదురు. కథ యేదైనను నష్టమొక్కటియే. పోయిన ఆకులకు రెండవ ప్రతి లేకపోయెను.

ఈ సంగతి నాకు గడచిన వేసవిలో వేఱొక విధమున జ్ఞప్తికి వచ్చినది. 2005 సంవత్సరమున మా చెల్లెలి వివాహము జరిగినప్పుడు మా నాయనగారు పెండ్లిపందిటిలో ఒక తత్త్వము పాడిరి. ఆనాటి యాచారము చొప్పున ఆ వేడుకను చిత్రించినవారు రెండు సీడీ బిళ్ళలు చేసియిచ్చిరి. నాయనగారిప్పుడు లేరు. ఆయన కంఠస్వరము మఱి యెక్కడను లేదు. బిళ్ళలను పెట్టెలోనుండి తీసి చూతునుగదా, మొదటిది చక్కగా నాడినది. పాటయున్న రెండవదానిని యంత్రము మింగి, కొంతసేపు గుర్రుమని, తిరిగి వెలిగ్రక్కినది. వెలుతురునకు అడ్డముగా పెట్టి చూడగా పైపూతలో సూదిమొనలంతటి చిల్లులు కానవచ్చినవి.

అప్పుడు నాకు గలిగిన సందేహములే యీ వ్యాసమునకు మూలము. ఆ బిళ్ళపై ఏమి వ్రాసియున్నది? ఎట్లు వ్రాసిరి? ఎందుకు చెడినది? అంతకంటె గొప్పవి, వేయేండ్లు నిలుచునవి వచ్చుచున్నవని పత్రికలలో చదువుచున్నామే, వాని సంగతి యేమి?

విద్యార్థులారా! మన పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసెడివారు. గంటము ఆకును గీయునేగాని రంగు వేయదు. గీచిన పిదప మసిని పూసి తుడిచినచో, గాడులలో మాత్రము నలుపు నిలిచి అక్షరము కన్పట్టును. సీడీ బిళ్ళయు గీతల గ్రంథమే. అందు గంటము కాంతి; చదువు కన్నును కాంతియే.

బిళ్ళ యడ్డుకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటరు. అది పాలీకార్బొనేటను పారదర్శకమైన ప్లాస్టిక్కుతో చేయబడినది. దానిపై అద్దమువలె మెఱయు పలుచని లోహపు పూతయు, ఆ పూతపై రక్షణకై లక్కవంటి పలుచని పొరయు, దానిపై చీటీయు నుండును. ప్లాస్టిక్కు ముఖమున నడిమినుండి అంచునకు చుట్లుచుట్లుగా ఒకే గాడి పోవుచుండును. గ్రామఫోను ప్లేటుపై ముల్లు అంచునుండి నడిమికి వచ్చును, ఇందు తద్విరుద్ధము. ఈ గాడిని విప్పి సాగదీసినచో ఐదు కిలోమీటర్లకు మించిపోవును. చుట్టునకు చుట్టునకు నడుమ దూరము 1.6 మైక్రాను. మైక్రానన మిల్లీమీటరులో వేయవవంతు. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు గనుక, ఒక వెండ్రుక వెడల్పులో నలువదికి పైగా చుట్లు ఇమిడిపోవును.

ఆ గాడి వెంట చిన్న చిన్న గుంటలుండును. లేజరు కాంతి క్రిందినుండి వచ్చి, కటకముచే ఒక్క చుక్కగా కూర్పబడి, గాడిపై పడి తిరిగి వచ్చును. చదునైన చోట కాంతి పూర్తిగా మరలును. గుంట యున్నచోట, గుంటనుండి మరలిన తరంగమును దాని ప్రక్కనుండి మరలిన తరంగమును ఒకదానినొకటి చెఱుపుకొనుటచే వెలుగు తగ్గును. గుంట లోతును అందులకు తగినట్లు, కాంతి తరంగదైర్ఘ్యములో సుమారు నాలుగవవంతుగా ఏర్పఱచిరి. ఇచట చాలమంది పొరపడుదురు. గుంటయనిన 1 అనియు చదునన్న 0 అనియు అనుకొందురు. అట్లు కాదు. వెలుగు మాఱిన చోటు, అనగా గుంట మొదలును తుదియు, 1. మార్పులేని నడక యంతయు 0.

ఈ ఒంట్లు సున్నలే అక్షరములగును. ఎనిమిది గుర్తులు ఒక బైటు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. నేడు కంప్యూటరులలో వాడుకలోనున్న పద్ధతిని మన 'క'కు 3 బైట్లు కావలయును. 'శ్రీ' యని వ్రాసినచో శకారము, హల్లు గుర్తు, రకారము, గుడిదీర్ఘము కలసి నాలుగు సంకేతములు, 12 బైట్లు. తెలుగునకు చోటు ఎక్కువ పట్టునని బెంగపడనక్కఱలేదు. పోతన భాగవతములో పద్యగద్యములు సుమారు తొమ్మిదివేలు. ఒక్కొక్కదానికి సగటున 1000 బైట్లు వేసికొన్నను, గ్రంథమంతయు 9 మెగాబైట్లు. 700 మెగాబైట్ల సీడీలో డెబ్బదికి పైగా భాగవతములు పట్టును.

ఇంకొక సంగతి చెప్పక ముందునకు పోలేను. బిళ్ళపై గీత పడినను పాట ఆగకుండుటకు కారణము గణితశాస్త్రము. 1960లో అమెరికా దేశస్థులైన రీడ్, సాలమన్ అను నిరువురు గణితవేత్తలు ఒక సంకేతపద్ధతిని కనుగొనిరి. అసలు సంఖ్యలతోపాటు వానినుండి లెక్కించిన కొన్ని అదనపు సంఖ్యలను గూడ వ్రాసిపెట్టినచో, కొన్ని చెరిగిపోయినను మిగిలినవానిబట్టి పోయినవానిని తిరిగి రాబట్టవచ్చును. సీడీలో ఆ సంఖ్యలను ఒకచోట నుంచక దూరదూరముగా చల్లియుంచుదురు. అందుచే రెండుమిల్లీమీటర్లకు పైబడిన గీత పడినను యంత్రము తప్పులను తానే దిద్దుకొనును. ఉచ్చులు పెట్టి బీజగణితము నేర్పుచున్నారని మామీద అలుగు పిల్లలు ఈ సంగతి తలపోయుదురుగాక.

1982లో ఫిలిప్స్, సోనీ సంస్థలు సీడీని విపణికి తెచ్చిన పిమ్మట, పెంపు ఎట్లు సాగినదో చూతము. ఇంకను చిన్న గుంటలు వ్రాయవలెనన్నచో ఇంకను సన్నని గంటము కావలెను. కాంతిని ఎంత పదునైన కటకముతో కూర్చినను, దాని తరంగదైర్ఘ్యములో సుమారు సగముకంటె చిన్నచుక్కగా చేయజాలమని 1873లోనే జర్మనీ దేశస్థుడగు ఎర్నెస్టు ఆబే తేల్చియుండెను. కావున పొట్టి తరంగముల కాంతిని వెదకవలసివచ్చెను. సీడీ చదువు కాంతి 780 నానోమీటర్లది, మన కంటికి దాదాపు కానరానిది. 1990వ దశకము నడుమ వచ్చిన డీవీడీకి 650 నానోమీటర్ల యెఱ్ఱకాంతి వాడిరి. ఒక పొరకు 4.7 గిగాబైట్లు పట్టినది. 2006లో విపణికెక్కిన బ్లూరే బిళ్ళకు 405 నానోమీటర్ల నీలలోహితకాంతి. నీలివన్నెకాంతిని ఘనపదార్థమునుండి పుట్టించుటకై జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలు పడిన శ్రమకు 2014లో నోబెలు బహుమానము లభించినది. ఆ బహుమానము నీలిదీపమునకైనను, బిళ్ళనుచదువు లేజరును ఆ శోధన ఫలమే. కటకమును గూడ మఱింత పదునుచేయుటచే బ్లూరే చుక్క వైశాల్యము సీడీ చుక్కలో సుమారు 13వ వంతునకు దిగెను. ఒక పొరలో 25 గిగాబైట్లు. మన లెక్కలో 2,700 భాగవతములు. 2010లో నిర్ణయించిన క్రొత్త పద్ధతిని మూడునాలుగు పొరలతో 100, 128 గిగాబైట్ల వఱకును పోయిరి.

అచటితో మార్గము మూసికొనినట్లయ్యెను. ఇంకను పొట్టి తరంగము కావలెనన్నచో అతినీలలోహితకాంతి. అది ప్లాస్టిక్కునే పాడుచేయును. కావున శాస్త్రజ్ఞులు మూడు దారులు త్రొక్కిరి.

మొదటిది ఉపరితలమునుగాక లోపలి దళసరి నంతటిని వాడుకొనుట. 1947లో గాబరు కనుగొనిన హోలోగ్రామను విద్య నిందులకు వాడజూచిరి. అమెరికాలో ఇన్‌ఫేజను సంస్థ 300 గిగాబైట్ల బిళ్ళను ప్రకటించినది గాని, అది జనుల చేతికి రాకమునుపే సంస్థ చితికిపోయినది. జనరల్ ఎలక్ట్రిక్ వారు 2009లో 500 గిగాబైట్లని ప్రకటించిరి. అదియు అంగడికి రాలేదు. ఈ చరిత్ర తెలిసియుండుట మంచిది. పత్రికలలో 'రేపే వచ్చుచున్నది' అను వార్త చూచినపుడెల్ల పొంగిపోకుందుము.

రెండవ దారి గాజు. ఇంగ్లాండులోని సౌతాంప్టను విశ్వవిద్యాలయమున కజాన్‌స్కీ యను ఆచార్యుడును ఆయన సహచరులును 2013లో స్ఫటికపు గాజులో వ్రాసి చూపిరి. వారి లేజరు ఎడతెగని ధారగా వెలుగదు. ఒక సెకనును పదికోట్లకోట్ల భాగములు చేయగా వచ్చినదానిని ఫెమ్టోసెకనందురు. అట్టివి కొన్ని వందలు మాత్రమే నిలుచు మెఱపులు గాజులోపల తాకి అచటి నిర్మాణమును సన్నని చాళ్ళుగా మార్చును. ఆ చుక్క యెచట నున్నదో తెలుపుటకు నిడివి, వెడల్పు, లోతు అను మూడు కొలతలు. చాళ్ళు ఏ దిక్కునకు తిరిగియున్నవి, ఎంత గట్టిగా పడినవి యను రెండు గుణములు. వెరసి ఐదు. అందుచే ఒక్క చుక్క ఒకటికి మించిన గుర్తులను మోయగలదు. ఒక బిళ్ళకు 360 టెరాబైట్ల వఱకు పట్టించవచ్చుననియు, వేయి డిగ్రీల వేడికిని చెడదనియు వారి మాట. 2016లో వారు మానవహక్కుల ప్రకటనను, న్యూటను కాంతిశాస్త్రగ్రంథమును, ఇంగ్లీషు బైబిలును ఇట్టి గాజులో వ్రాసిరి. మైక్రోసాఫ్టువారు 2019లో 7.5 సెంటీమీటర్ల చదరము, 2 మిల్లీమీటర్ల మందము గల గాజుపలకలో 1978 నాటి సూపర్‌మాన్ చలనచిత్రము నంతటిని వ్రాసి, తిరిగి చదివిరి. పట్టినది 75.6 గిగాబైట్లు. ఆ పలకను ఉడకబెట్టి, కాల్చి, గీకి చూచినను చెడలేదట. మాయింటి పెండ్లిబిళ్ళ గాజుదైనచో, అని నిట్టూర్చితిని.

మూడవ దారి మిక్కిలి చిత్రమైనది. 2024 ఫిబ్రవరిలో షాంఘై శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో ప్రకటించినది. ఆబే చెప్పిన హద్దును వారు ఉపాయముచే దాటిరి. ఒక కాంతికిరణము బిళ్ళలోని రంగుపై వ్రాయును. దానితోపాటు వేఱువన్నె గల రెండవకిరణమును పంపుదురు. అది మన గారెవలె నడుమ చిల్లు గలది. గారె తాకినంతమేర వ్రాతను ఆపివేయును. చిల్లులో పడిన నడిచుక్క మాత్రము మిగులును. గంటము మొద్దుదే, కాని దాని అంచులను మూసివేసినందున గీత సన్నమయినది. చుక్క 54 నానోమీటర్లకు దిగెను. సూక్ష్మదర్శినిలో నిట్టి యుపాయమునకే స్టెఫాన్ హెల్ అను శాస్త్రజ్ఞునకు 2014లో నోబెలు బహుమానము వచ్చియుండెను. బిళ్ళలోపల మైక్రాను ఎడముతో నూఱు పొరలు వ్రాయవచ్చుననియు, డీవీడీయంత బిళ్ళలో 1.6 పెటాబిట్లు, అనగా 200 టెరాబైట్లు, పట్టుననియు వారు చూపిరి. రెండుకోట్లకు పైగా భాగవతములు! అయితే ఇది ప్రయోగశాలలో సాధించిన సాంద్రతనుబట్టి వేసిన లెక్కయేగాని, నిండుగా వ్రాసి అమ్మకమునకు పెట్టిన బిళ్ళ కాదు. వ్రాయువేగము తక్కువ, వ్రాయుటకు పట్టు శక్తి యెక్కువ. అచటనే చిక్కు.

ఇంత చోటు ఎవరికి కావలెనని అడుగవచ్చును. జవాబు మన తెలుగువాని పనిలోనే గలదు. శ్రీకాళహస్తి సమీపమున కాటూరు గ్రామమున 1937లో జన్మించి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాచార్యుడై, 1994లో ట్యూరింగు పురస్కారమందిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, అనగా రాజ్ రెడ్డిగారు, పదిలక్షల పుస్తకములను ఛాయాచిత్రములుగా తీసి అందఱకును ఉచితముగా చదువనిచ్చు ఉద్యమమునకు మూలపురుషులలో నొకరు. మన దేశమున బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయు, హైదరాబాదునందలి ఐఐఐటీయు అందు ముఖ్యస్థానములు. 2007 నాటికి లోకమంతట పదునైదులక్షల పుస్తకములైనవి. పుస్తకమునకు 300 పుటలు, పుటకు 50 కిలోబైట్లు అనుకొన్నను, 22 టెరాబైట్లకు పైమాటే. సీడీలలో నింపినచో ముప్పదిరెండువేలు కావలెను. బ్లూరే బిళ్ళలు తొమ్మిదివందలు. షాంఘైవారి బిళ్ళలో తొమ్మిదవవంతు. పుటను బొమ్మగా ఉంచినపుడు అక్షరములుగా ఉంచినదానికంటె ఎన్నోరెట్లు చోటు పట్టునని గ్రహింపుడు.

ఆ భారతీయ గ్రంథాలయపు జాలస్థలము 2017 నాటికి మూతవడినది. అయినను అందలి లక్షలాది పుస్తకములకు ఇంటర్నెట్ ఆర్కైవునందు ప్రతులుండుటచే, పాత తెలుగుపత్రికలు, శతకములు, నిఘంటువులు నేటికిని మనకు దొరకుచున్నవి. పోతనకు లేని రెండవప్రతి వీనికి కలిగినది.

చోటు మాట యటుండ, చదువు యంత్రము లేకున్న బిళ్ళ దేనికి? ఇంగ్లాండులో విలియం రాజు 1086లో దేశమంతటిని లెక్కవ్రాయించిన 'డూమ్స్‌డే' గ్రంథము తోలుపత్రములపై నున్నది, నేటికిని చదువనగును. దాని తొమ్మిదివందలయేండ్ల పండుగకై 1986లో బీబీసీవారు క్రొత్త డూమ్స్‌డేను రెండు పెద్ద లేజరు బిళ్ళలపై చేయించిరి. పదిలక్షలకు మించినవారు అందు పాల్గొనిరి. వారిలో ఎందఱో బడిపిల్లలు. తమ గ్రామములోని అంగళ్ళు, పొలములు, ఆటలు, పండుగలు మీరు వ్యాసములు వ్రాయునట్లే వ్రాసి పంపిరి. పదునాఱు సంవత్సరములు గడచుసరికి ఆ బిళ్ళలను త్రిప్పు యంత్రములు కఱవైనవి. తొమ్మిదివందలయేండ్ల తోలు మాటాడుచుండగా పదునాఱేండ్ల బిళ్ళ మూగవోయినది. విశ్వవిద్యాలయములవారు పూనుకొని పాతయంత్రమును అనుకరించు క్రమణికలు వ్రాసి దానిని బ్రతికింపవలసివచ్చినది. 2011లో బీబీసీవారు పిల్లలు వ్రాసిన ఆ భాగమును అంతర్జాలమున నుంచిరి.

తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో ఒక అరలో కొన్ని శతాబ్దములు మఱుగున నుండి, ఇరువదవ శతాబ్దమున వెలికివచ్చినపుడు, వానిని చదువుటకు ఏ యంత్రమును కావలసిరాలేదు. తెలుగులిపి తెలిసిన మనుష్యుడొకడు చాలెను. ఈ విషయమున గాజుపలకకంటె రాగిరేకే మేలని నా యభిప్రాయము. గాజు పదివేలయేండ్లు నిలుచుగాక. దానిని చదువు సూక్ష్మదర్శిని యేదో, దాని సంకేతములేవో చెప్పు కాగితముగూడ అంతకాలము నిలువవలెను గదా.

యంత్రములు కఱవగుట మనయెదుటనే జరుగుచున్నది. మోసర్‌బేరను మనదేశపు సంస్థ యొకప్పుడు 28 రూపాయలకు సినిమా సీడీని అమ్మి ఇంటింటికి చేర్చినది. 2018లో దాని ఆస్తుల విక్రయమునకు ఉత్తరువైనది. సోనీవారు వ్రాయదగు బ్లూరే బిళ్ళల తయారీని 2025 ఫిబ్రవరితో నిలిపివేసిరి. నేటి చిన్నకంప్యూటరులకు బిళ్ళ పెట్టు నోరే యుండదు. కావున మీ యిండ్లలో పెండ్లి బిళ్ళలు, బారసాల బిళ్ళలు, బడి వార్షికోత్సవపు బిళ్ళలు ఉన్నచో ఈ యేడే వెలికితీయుడు.

అవి చెడుటకు కారణమిది. కర్మాగారమున అచ్చువేసిన బిళ్ళలో నిజమైన గుంటలుండును. ఇంట వ్రాసిన బిళ్ళలో గుంటలు లేవు. ఒక సేంద్రియమైన రంగుపొరను లేజరు వేడిచే మచ్చలు పడునట్లు చేయును. ఎండ, వేడి, తేమ తగిలినచో ఆ రంగు వెలసి మచ్చకును మచ్చలేని చోటునకును భేదము పోవును. ఇంకొకటి. అందఱును సీడీ మెఱయు ముఖమునే జాగ్రత్తగా చూతురు. నిజమునకు చీటీయున్న ముఖమే మెత్తనిది. వ్రాతకు పైన పలుచని పూత తప్ప కాపు లేదు. అచట బాల్‌పెన్నుతో వ్రాసినను, అంటించిన కాగితమును పెఱికినను లోహపుపొర లేచివచ్చును. మా బిళ్ళకు జరిగినదదియే. పేర్లు, తేదీ యున్న చీటీని ఎవరో పెఱికిరి. డీవీడీలో వ్రాత రెండు పలకల నడుమ నుండుటచే ఆ భయము తక్కువ. బిళ్ళను అంచులతో పట్టుకొనవలెను. తుడిచినచో నడిమినుండి అంచునకు నిలువుగా తుడువవలెను; చుట్టును త్రిప్పి తుడిచినచో గీత గాడివెంట పోయి, గణితము దిద్దలేనంత పొడవు తప్పు ఏర్పడును. ఒక యంత్రము చదువకున్న మఱియొకదానిలో పెట్టిచూడుడు. ఒక్కొక్కదాని కంటిచూపు ఒక్కొక్క విధము.

నేను నాలుగు యంత్రములలో ప్రయత్నించితిని. మూడు నిరాకరించినవి. నాలుగవది మన పాఠశాల గదిలో మూలబడియున్న పాత కంప్యూటరునందలిది. నెమ్మదిగా, ఆగియాగి, ఒక సాయంకాలమంతయు చదివినది. పందిరి, ఎదుర్కోలు, తలంబ్రాలు వచ్చినవి. నాయనగారు కండువా సవరించుకొని గొంతు సవరించుకొనుట వచ్చినది. పల్లవియు, రెండు చరణములును వచ్చినవి. మూడవ చరణము నడుమ బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి స్వరము తెగిపోయినది. మిగిలినదానికి మూడు ప్రతులు చేయించి, ఒకటి ఖమ్మమున చెల్లెలి యింటను, ఒకటి హైదరాబాదున కుమారునియొద్దను, ఒకటి ఇచటను ఉంచితిని. మూడవ చరణము మా మేనత్తగారికి కంఠస్థము. ఆమె చెప్పగా కాగితముపై వ్రాసికొని ఆ ప్రతులతోపాటు పెట్టితిని.